ఉబుంటు 22.04కి మారాక సాంబా షేర్ బాగా స్లో అయింది, అసలు ప్రతి రిలీజ్‌లో ఇన్ని చిన్న చిన్న ఫిక్స్‌లు ఎందుకు?

గుంటూరు_అడ్మిన్
మాది డీటీపీ, డిజైనింగ్ పని. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సులు, స్కూలు పుస్తకాలు. ఫైళ్ళన్నీ ఒకే లినక్స్ సర్వర్‌లో సాంబా (లినక్స్ ఫైళ్ళని విండోస్ మెషీన్లకి పంచే సాఫ్ట్‌వేర్) షేర్ మీద ఉంటాయి, అందరూ విండోస్ మెషీన్ల నుంచి వాడతారు. మొన్నటిదాకా ఉబుంటు 18.04, సాంబా 4.7. సపోర్ట్ అయిపోయింది కదా అని 22.04కి మార్చాను, దాంతో సాంబా 4.15 వచ్చింది. అప్పట్నుంచి చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉన్న ఫోల్డర్ తెరిస్తే ఆ ఆకుపచ్చ గీత కదలదు. విచిత్రం ఏంటంటే ఒక పెద్ద ఫైల్ కాపీ చేస్తే స్పీడ్ ఎప్పట్లాగే ఉంది. డిస్కులు అవే, స్విచ్ అదే, కేబుళ్ళు అవే. మా ఓనరు గారు "నడిచేదాన్ని ఎందుకు కెలికావ్" అంటున్నారు. సాంబా రిలీజ్ నోట్స్ తెరిచి చూస్తే పేజీలకి పేజీలు, అన్నీ ఒక లైను రెండు లైన్ల ఫిక్స్‌లే. వీటిలో ఏది నా పీకమీదికి తెచ్చిందో ఎలా కనుక్కోవాలి? ఊరికే ఉండకుండా ఇన్ని మార్పులు ఎందుకు చేస్తారు వీళ్ళు?

ఓల్డ్‌సర్వర్
మీ ఓనరు చెప్పిందే కరెక్ట్. నేను సెంటాస్ 6 మీద సాంబా 3.6 ఇప్పటికీ నడుపుతున్నా, దాన్ని ముట్టుకోను. ముట్టుకోనిది పాడవ్వదు.

లినక్స్_లావణ్య
@గుంటూరు_అడ్మిన్ ముందు సాంబా సెట్టింగులుండే పాత ఎస్‌ఎంబీ.కాన్ఫ్ ఫైలే యథాతథంగా తెచ్చుకున్నారా? అందులో "సాకెట్ ఆప్షన్స్" అని లైన్ ఉందా? ఉంటే తీసెయ్యండి. బఫర్ సైజులు 8192 అని రాసిన లైన్ ఒకటి ఎప్పటి బ్లాగుల నుంచో అందరూ కాపీ కొట్టుకుంటూ వస్తున్నారు. ఇప్పటి కెర్నల్ (లినక్స్ గుండెకాయ) తన బఫర్ సైజు తనే సర్దుకుంటుంది, మనం అంకె రాస్తే దాని చేతులు కట్టేసినట్టే. లాగ్ లెవెల్ కూడా చూడండి, ఎప్పుడో డీబగ్ చెయ్యడానికి 10 పెట్టి వదిలేస్తే ప్రతి ఫైల్‌కీ పేజీ పేజీ లాగ్ రాస్తూ కూర్చుంటుంది.

గుంటూరు_అడ్మిన్
@లినక్స్_లావణ్య గారు, సాకెట్ ఆప్షన్స్ లైన్ ఉంది! తీసేసి రీస్టార్ట్ చేశా. పెద్ద ఫైల్ కాపీ కొంచెం మెరుగైంది. చిన్న ఫైళ్ళ ఫోల్డర్ మాత్రం అలాగే ఉంది. లాగ్ లెవెల్ 1 లోనే ఉంది.

ఓరుగల్లు_రూట్
@ఓల్డ్‌సర్వర్ అన్నా, 3.6 ఇంకా నడుపుతున్నవా? 2017 మే నెలల ఏమైందో యాదికి లేదా? 3.5.0 నుంచి వచ్చిన అన్ని వెర్షన్లల్ల ఒక్క బగ్ ఉండె. రాయడానికి పర్మిషన్ ఉన్న షేర్‌ల ఒక లైబ్రరీ ఫైల్ పెట్టి, దాన్ని సర్వర్‌తోనే లోడ్ చేపియ్యొచ్చు. 3.5.0 వచ్చింది 2010ల. అంటే ఏడేండ్లు అందరి సర్వర్లల్ల తలుపు తీసే ఉన్నది, ఎవ్వరు చూడలే. 4.6.4, 4.5.10, 4.4.14 లల్ల సరిచేసిన్రు. ఆ ప్యాచ్ ఎంతుంటది అనుకుంటున్నవ్? పైప్ (క్లయింట్ సర్వర్‌తోని మాట్లాడే దారి) పేరుల స్లాష్ ఉంటే ఒప్పుకోవద్దు అనే చిన్న చెక్. గంతే.

ఓల్డ్‌సర్వర్
@ఓరుగల్లు_రూట్ తమ్ముడూ, నా సర్వర్‌కి ఇంటర్నెట్టే లేదు. లోపల లోపలే నడుస్తుంది. ఎవడు వస్తాడు?

ఓరుగల్లు_రూట్
బయటోడు రానక్కర్లే అన్నా. లోపల ఒక విండోస్ మెషీన్‌కు పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ అంటుకుంటే సాలు, దానికి నీ షేర్‌ల రాసే పర్మిషన్ ఉండనే ఉన్నది. కనీసం "ఎన్‌టీ పైప్ సపోర్ట్ = నో" అన్న పెట్టినవా? అప్పుడు టీమ్ చెప్పిన తాత్కాలిక ఉపాయం అదే. సెంటాస్ 6కు అప్‌డేట్లు 2020 నవంబర్‌తోనే బంద్ అయినయ్.

పెంగ్విన్_పంతులు
గుంటూరు అడ్మిన్ గారు, మీ సమస్య నాకు బాగా తెలిసిన సమస్యే, మీరు చెప్పిన లక్షణం (పెద్ద ఫైల్ ఓకే, చిన్న ఫైళ్ళు స్లో) సరిగ్గా సరిపోతోంది. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

సర్వర్‌కి ఒక క్లయింటు "ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైల్ తెరువు" అని పాత్ ఇస్తుంది. పాత రోజుల్లో సాంబా ఏం చేసేదంటే ఆ పాత్ మన షేర్ లోపలే ఉందా, మధ్యలో సిమ్‌లింక్ (వేరే చోటికి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) ఏదైనా బయటికి తీసుకెళ్తోందా అని చెక్ చేసి, తర్వాత అదే పాత్ పేరు పెట్టి ఫైల్ తెరిచేది. చెక్ చేసిన క్షణానికీ తెరిచిన క్షణానికీ మధ్య సన్నని సందు ఉంది. ఆ సందులో ఎవడైనా మధ్య ఫోల్డర్‌ని తీసేసి దాని స్థానంలో సిమ్‌లింక్ పెడితే? సర్వర్ చెక్ చేసింది ఒకటి, తెరిచింది ఇంకొకటి. అదే డైరెక్టరీని ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (ఇంకో ఫైల్ షేరింగ్ పద్ధతి) కూడా షేర్ చేసినా, పాత ఎస్‌ఎంబీ1 (విండోస్ షేరింగ్ భాష మొదటి తరం) యూనిక్స్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్‌లో ఉన్నా ఇది కుదురుతుంది.

దీన్ని ఒక ప్యాచ్‌తో కొట్టెయ్యడం కుదర్లేదు, ఎందుకంటే పాత్ పేరుతో పని చేసే కాల్స్ కోడ్ నిండా ఉన్నాయి. ఒక్కొక్క కాల్‌నీ పట్టుకుని, పేరుతో కాకుండా ముందే తెరిచి పట్టుకున్న డైరెక్టరీ హ్యాండిల్‌తో పని చేసేలా మార్చుకుంటూ పోయారు. వీఎఫ్‌ఎస్ (సాంబా డిస్కులోని ఫైళ్ళతో పని చేసే) పొర మొత్తం తిరగరాయడానికి రెండున్నరేళ్ళు పట్టింది, 4.15.0తో ముగిసింది. మీరు రిలీజ్ నోట్స్‌లో చూసి "ఒక లైను రెండు లైన్లే" అన్నారే, ఆ మార్పుల్లో చాలా వాటికి మూలం ఇదే. పక్కపక్కన పెట్టి చూస్తేనే అది ఒక పెద్ద పని అని తెలుస్తుంది. 4.15 కంటే పాత వాటికి ఈ ఫిక్స్‌ని వెనక్కి తీసుకెళ్ళడం కూడా సాధ్యపడలేదు, మార్పు అంత పెద్దది.

ఇప్పుడు దాని ఖరీదు. పాత్‌లో ప్రతి మెట్టునీ విడివిడిగా తెరిచి చూసుకుంటూ వెళ్ళాలి కదా, అందుకని ప్రతి ఫైల్‌కీ సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ని అడిగే పనులు) పెరిగాయి. ఒక పెద్ద ఫైల్ అయితే ఒకసారే తెరుస్తారు, తేడా తెలీదు. పదివేల చిన్న ఫైళ్ళు అయితే పదివేల సార్లు. 4.13, 4.14, 4.15, 4.16లో ఈ భద్రతా మార్పుల వల్ల ఇలాంటి పని స్లో అయిందని టీమే 4.17 నోట్స్‌లో రాసింది. అదే 4.17లో పాత్‌ని ఫోల్డర్ భాగం, ఫైల్ పేరు అని విడగొట్టి, ఒక్కో మెట్టుకి రెండు కాల్స్‌కి తగ్గించారు. కెర్నల్ 5.6 ఆ పైన ఉంటే ఇంకా నయం, "ఓపెన్‌యాట్2" అనే కాల్‌ని సిమ్‌లింక్స్ వద్దు అని చెప్పి వాడతారు, ఫోల్డర్ భాగం ఎంత లోతుగా ఉన్నా మొత్తానికి రెండే కాల్స్. 4.18లో లాకింగ్ ఖర్చు, ఒకే పాత్ మీద చాలామంది పడినప్పుడు, 4.17తో పోలిస్తే ఇంకో మూడింతలు తగ్గించారు. ఓపెన్, క్లోజ్ వేగం మళ్ళీ 4.12 స్థాయికి వచ్చిందని ఆ నోట్స్‌లో స్పష్టంగా ఉంది.

మీరు 4.7 నుంచి సరాసరి 4.15 మీద దిగారు. భద్రత పని పూర్తయి, వేగం పని ఇంకా మొదలవని చోట. మీ కెర్నల్ 5.15, ఓపెన్‌యాట్2 అందులో ఉంది, కానీ మీ సాంబాకి దాన్ని వాడటం తెలీదు.

కోర్‌డంప్_కాకినాడ
పంతులు గారు ఇది వేరే థ్రెడ్‌గా పిన్ చెయ్యాలి మోడరేటర్లు. అద్భుతం.

లినక్స్_లావణ్య
+1. నేను వాదించేది ఒక్కటే: సమస్య అదేనని ముందు నిర్ధారించుకోవాలి, వెంటనే అప్‌గ్రేడ్ అని దూకొద్దు. ఎస్‌ఎంబీస్టేటస్‌లో (ఎవరెవరు కనెక్ట్ అయ్యారో చూపే కమాండ్) మీ మెషీన్‌కి సంబంధించిన ప్రాసెస్ నంబర్ చూసి (ఒక్కో క్లయింట్ కనెక్షన్‌కి ఒక్కో ఎస్‌ఎంబీడీ ప్రాసెస్ ఉంటుంది), దానికి ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్ చూపే టూల్) తగిలించి, మైనస్ సీ ఆప్షన్‌తో, ఆ ఫోల్డర్ ఒకసారి తెరవండి. ఏ కాల్ ఎన్నిసార్లు అయిందో లెక్క వస్తుంది. ఓపెన్, క్లోజ్ కుప్పలుగా ఉంటే పంతులు గారిది. డైరెక్టరీ చదివే కాల్స్ కుప్పలుగా ఉంటే కథ వేరే, అక్షరాల సంగతి.

రాజమండ్రి_రైడ్5
అక్షరాల సంగతి అంటే?

లినక్స్_లావణ్య
విండోస్‌కి పెద్దక్షరం చిన్నక్షరం ఒకటే, లినక్స్‌కి వేరు. విండోస్ "లోగో" అనే ఇంగ్లీషు పేరుతో ఒక ఫైల్ అడిగింది, అది ఆ ఫోల్డర్‌లో లేదు అనుకోండి. సాంబా వెంటనే లేదు అనలేదు, అదే పేరు వేరే కేసులో ఉందేమో అని ఫోల్డర్ మొత్తం వెతకాలి. వేల ఫైళ్ళున్న ఫోల్డర్‌లో, లేని ఫైల్ అడిగిన ప్రతిసారీ ఇది జరిగితే ఊహించుకోండి. ఆ షేర్‌కి "కేస్ సెన్సిటివ్ = ఎస్" పెట్టి, "డిఫాల్ట్ కేస్ = లోయర్", "ప్రిజర్వ్ కేస్ = నో", "షార్ట్ ప్రిజర్వ్ కేస్ = నో" పెడితే వెతుకులాట ఉండదు. కానీ జాగ్రత్త, ముందు ఉన్న ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చాలి, లేకపోతే పాతవి తెరుచుకోవు. పని నడుస్తున్న షేర్ మీద ప్రయోగం వద్దు.

ఓల్డ్‌సర్వర్
చూశారా, భద్రత పేరుతో స్లో చేశారు, మళ్ళీ ఫాస్ట్ చెయ్యడానికి అప్‌గ్రేడ్ అంటున్నారు. ఇదే నేను చెప్పేది. 2016 ఏప్రిల్‌లో బ్యాడ్‌లాక్ అనే భద్రతా లోపం అని పెద్ద హడావిడి, ప్యాచ్ వేసుకున్న వాళ్ళలో ఎంతమందికి షేర్లు, లాగిన్లు తెగిపోయాయో గుర్తుందా? తర్వాతి పాయింట్ రిలీజుల్లో సర్దుకుంటూ వచ్చారు. నా లాంటివాడు ఊరికే భయపడడు.

పెంగ్విన్_పంతులు
@ఓల్డ్‌సర్వర్ గారు, బ్యాడ్‌లాక్ విషయంలో మీరన్నది నిజం, ఆ ప్యాచ్‌తో కొన్ని పాత సెటప్‌లు తెగాయి. దాన్నుంచి నేను నేర్చుకుంది మాత్రం వేరు. ప్యాచ్‌లు వాయిదా వేసి కుప్ప చేసుకున్న వాళ్ళకే ఎక్కువ దెబ్బ తగిలింది, ఎందుకంటే అన్ని మార్పులూ ఒకేసారి మీద పడ్డాయి, ఏది తెంచిందో తెలీదు. గుంటూరు అడ్మిన్ గారి పరిస్థితి కూడా అదే, 4.7 నుంచి 4.15కి ఒక్క దూకుడు. మధ్యలో ఎనిమిది సిరీస్‌ల మార్పులు.

నెల్లూరు_నెట్‌వర్క్
చిన్న ఫిక్స్ విలువ తెలియాలంటే 2023 జులై చూడాలి. ఆ నెల విండోస్ అప్‌డేట్ వేశాక సాంబా డొమైన్‌లో ఉన్న మెషీన్లు చాలాచోట్ల లాగిన్ కాలేదు, డొమైన్‌తో నమ్మకం తెగిపోయినట్టు ఎర్రర్. బగ్‌జిల్లాలో (సాంబా బగ్‌ల జాబితా) 15418. అసలు విషయం ఏంటంటే, విండోస్ నెట్‌లాగాన్‌లో (డొమైన్ సర్వర్‌తో లాగిన్ సంభాషణ) ఒక ప్రశ్న కొత్త లెవెల్‌తో అడగడం మొదలుపెట్టింది. ఆ లెవెల్ తెలియని సర్వర్ "ఈ ట్యాగ్ నాకు తెలీదు" అని ఆర్‌పీసీ (వేరే మెషీన్‌తో పని చేయించే) పద్ధతిలో ఫాల్ట్ ఇస్తే విండోస్ సరే అని ముందుకి పోతుంది. సాంబా వేరే రకం ఎర్రర్ ఇచ్చేది. అన్నేళ్ళూ ఆ లెవెల్ ఎవరూ అడగలేదు కాబట్టి తప్పు బయటపడలేదు. 4.18.5, 4.17.10, 4.16.11 జులై 19న వచ్చేశాయి. కొన్ని రోజుల్లో! ఆ ఫిక్స్ కోడ్ చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ అది లేకపోతే పొద్దున్నే ఆఫీసుకొచ్చిన వాళ్ళు మెషీన్‌లోకే వెళ్ళలేరు.

కోర్‌డంప్_కాకినాడ
ఒక డౌట్. ఇలాంటి మూడు లైన్ల ఫిక్స్‌కి పక్కన వంద లైన్ల టెస్ట్ ఎందుకు రాస్తారు? గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర) చూస్తుంటా, బగ్ సరిచేసిన కమిట్ (ఒక్కో మార్పు) చిన్నది, దాని ముందు కమిట్ పెద్దది.

డల్లాస్_డెవ్
నేను ఒకసారి చిన్న ప్యాచ్ పంపాను కాబట్టి ఆ పద్ధతి చెప్పగలను. ముందు బగ్‌ని చూపించే టెస్ట్ రాయాలి. అది ఫెయిల్ అవుతుంది కదా, అందుకని "నోన్‌ఫెయిల్" అనే ఫోల్డర్‌లో ఆ టెస్ట్ పేరు రాసి మొదటి కమిట్ పెడతారు. రెండో కమిట్‌లో అసలు ఫిక్స్, దాంతోపాటు నోన్‌ఫెయిల్‌లోంచి ఆ పేరు తీసెయ్యడం. అంటే ఫిక్స్ నిజంగా ఆ బగ్‌నే చంపిందని రుజువు చరిత్రలోనే ఉండిపోతుంది. ఏ కమిట్ దగ్గర ఆగినా మొత్తం బిల్డ్ అవ్వాలి, టెస్టులు పాస్ అవ్వాలి, అప్పుడే రేపు ఏదైనా తెగితే గిట్ బైసెక్ట్‌తో ఏ కమిట్ తెంచిందో పట్టుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా ఎందుకు చేస్తారు అన్న మొదటి పోస్ట్‌కి సమాధానం కూడా ఇదే అనుకుంటా, పది పనులు ఒకే కమిట్‌లో కలిపేస్తే తర్వాత విడదియ్యడం ఎవరి వల్లా కాదు. నేను పంపింది చాలా చిన్న మార్పు, అయినా టీమ్ సభ్యులు ఇద్దరు లైను లైను చదివారు, కమిట్ మెసేజ్‌లో "ఎందుకు" అనేది సరిగా రాయమని తిప్పి పంపారు. ఆ తర్వాత ఆటోబిల్డ్‌లో గంటలకొద్దీ టెస్టులు. పాస్ అయితేనే మాస్టర్ అనే అసలు కోడ్‌లోకి. పాత బ్రాంచ్‌లకి వెళ్ళాలంటే బగ్‌జిల్లాలో మళ్ళీ రివ్యూ. అంత పట్టుదలగా చూస్తారు కాబట్టే 1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఒక్కడే మొదలుపెట్టిన కోడ్ ఈ రోజుకీ ఊరూరా ఆఫీసుల్లో నడుస్తోంది.

రాజమండ్రి_రైడ్5
గంటలకొద్దీ టెస్టులా, మా దగ్గర టెస్టింగ్ అంటే పక్క సీట్లో సుబ్బారావు గారిని "ఓపెన్ అయ్యిందా అండీ" అని అడగడం :)

కోర్‌డంప్_కాకినాడ
ప్రతి ఆఫీసుకీ ఒక సుబ్బారావు గారు ఉండాలి, ఆయన ఎక్కడ నొక్కితే అక్కడ బగ్ బయటపడుతుంది

భీమవరం_బ్యాకప్
నాదొక ప్రశ్న, టాపిక్‌కి దగ్గరే. మా సెక్యూరిటీ ఆడిట్ వాళ్ళు ఉబుంటు 22.04లో సాంబా 4.15 చూసి పాతది, రిస్క్ అని ఎర్ర రంగులో రిపోర్ట్ ఇచ్చారు. నిజమేనా?

లినక్స్_లావణ్య
వెర్షన్ నంబర్ ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు. సాంబా టీమ్ దాదాపు ఆరు నెలలకొక సిరీస్ తెస్తుంది, మార్చిలో ఒకటి సెప్టెంబర్‌లో ఒకటి. ఒక్కో సిరీస్‌కి సుమారు ఏడాదిన్నర ఆయుష్షు: మొదట మామూలు ఫిక్స్‌లు, చివర్లో భద్రతా ఫిక్స్‌లు మాత్రమే. ఆ తర్వాత టీమ్ వదిలేస్తుంది. కానీ డిస్ట్రో (ఉబుంటు లాంటివి) వాళ్ళు భద్రతా ప్యాచ్‌లని తమ పాత వెర్షన్‌కే తెచ్చి కలుపుతారు, పైన నంబర్ మారదు, చివర ప్యాకేజీ నంబర్ మాత్రం మారుతుంది. "ఆప్ట్ చేంజ్‌లాగ్ సాంబా" కొట్టి, ఆడిట్ వాళ్ళిచ్చిన సీవీఈ (ఒక్కో భద్రతా లోపానికిచ్చే) నంబర్ అందులో ఉందో లేదో చూపించండి. వేగం కోసం చేసిన మార్పులు మాత్రం ఇలా వెనక్కి రావు, అందుకే గుంటూరు అడ్మిన్ గారికి 22.04లో ఎన్ని అప్‌డేట్లు వేసినా 4.18 వేగం రాదు.

గుంటూరు_అడ్మిన్
ఎస్‌ట్రేస్ లెక్క తీశాను. లావణ్య గారు చెప్పినట్టే చేశా. ఓపెన్, క్లోజ్ కాల్సే కుప్పలు. మా ఫోల్డర్లు సంవత్సరం, నెల, కస్టమర్, జాబ్, పేజీలు అని లోతుగా ఉంటాయి, అది కూడా కారణమే అనుకుంటా. డైరెక్టరీ చదివే కాల్స్ పెద్దగా లేవు. అంటే పంతులు గారు చెప్పిందే.

పెంగ్విన్_పంతులు
లోతు చాలా పెద్ద కారణం. 4.15లో మెట్టు మెట్టుకీ ఖర్చే. 24.04లో సాంబా 4.19 ఉంది, 4.17, 4.18 రెండింటి పనీ అందులో ఉంది. వేరే మెషీన్ మీద పెట్టి అదే ఫోల్డర్ కాపీ చేసి పోల్చండి.

ఓరుగల్లు_రూట్
@గుంటూరు_అడ్మిన్ ఇంకో ముచ్చట. 4.7 నుంచి వచ్చినవ్ కదా, మీ ఆఫీస్ జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ చేస్తే ఫోల్డర్‌ల పడుతున్నదా?

గుంటూరు_అడ్మిన్
@ఓరుగల్లు_రూట్ అన్నా, నీకెలా తెలుసు?! అది కూడా ఆగిపోయింది, దానికి ఇంకో థ్రెడ్ వేద్దామనుకుంటున్నా.

ఓరుగల్లు_రూట్
వెయ్యకు, ఈడనే చెప్త. 4.11 నుంచి ఎస్‌ఎంబీ1 మొదటి నుంచే బంద్ ఉంటది. పాత స్కానర్లకు అదొక్కటే వస్తది. "సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎన్‌టీ1" అని పెడితే పని చేస్తది కానీ అది ఒక్క షేర్‌కు పెట్టరాదు, సర్వర్ మొత్తానికి తలుపు తీసినట్టే. అందుకే పెట్టకు. స్కానర్‌ల ఎఫ్‌టీపీ ఉంటే దానికి మార్చు, లేకుంటే మెయిల్‌కు పంపేటట్టు పెట్టు. ముందు ఆ మెషీన్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉన్నదేమో సూడు, కొన్నిటికి ఎస్‌ఎంబీ2 అట్ల వచ్చింది.

తెలుగు_టైప్‌సెట్
డీటీపీ వాళ్ళే కదా, మీకు పనికొచ్చే విషయం. ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెడతారా? విండోస్‌లో పేరు 255 అక్షరాల దాకా వెళ్తుంది. లినక్స్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు, అంటే 85 దగ్గర అయిపోతుంది, పైగా గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లే కాబట్టి మనం కళ్ళతో చూసే అక్షరాలు ఇంకా తక్కువ. "శ్రీ" అనేదే నాలుగు కోడ్‌లు. పెళ్ళి కార్డు ఫైల్‌కి ఇద్దరి పూర్తి పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ పెడితే షేర్‌లో సేవ్ అవ్వదు. అది సాంబా బగ్ కాదు, ఏ అప్‌గ్రేడ్‌తోనూ పోదు.

రాజమండ్రి_రైడ్5
అమ్మో, మా దగ్గర "ఫైనల్ ఫైనల్ కరెక్షన్ అయ్యాక ఫైనల్" అని తెలుగులోనే పెడతారు

గుంటూరు_అడ్మిన్
@తెలుగు_టైప్‌సెట్ గారు ఇది బంగారం లాంటి సమాచారం, మాకు అప్పుడప్పుడు సేవ్ అవ్వకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

గుంటూరు_అడ్మిన్
అప్‌డేట్: పాత డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంటే దాని మీద 24.04 వేసి, కష్టమైన ఫోల్డర్ ఒకటి కాపీ చేసి చూశా. మా సర్వర్ కంటే తక్కువ మెషీన్ అది, అయినా ఫోల్డర్ చటుక్కున తెరుచుకుంది. ఓనరు గారిని కూర్చోబెట్టి రెండూ పక్కపక్కన చూపించా. సర్వర్ మార్చమన్నారు. ఎస్‌ట్రేస్‌లో ఓపెన్‌యాట్2 కనిపిస్తోంది, పంతులు గారూ మీకు దణ్ణం.

ఓల్డ్‌సర్వర్
సంతోషం తమ్ముడూ. నేను ఆ పైప్ సపోర్ట్ లైన్ మాత్రం పెట్టుకున్నా. సర్వర్ మార్చడం గురించి ఇంకా ఒప్పుకోను.

ఓరుగల్లు_రూట్
ఒక్క లైన్ పెట్టినవ్ కదా, మిగిలినయ్ మెల్లగ పెట్టిస్తం అన్నా

లినక్స్_లావణ్య
@గుంటూరు_అడ్మిన్ మార్చేది సాయంత్రం అందరూ వెళ్ళాకే, సర్వీస్ రీస్టార్ట్ అయితే తెరిచి ఉన్న ఫైళ్ళ కనెక్షన్లు తెగుతాయి, ఎస్‌ఎంబీస్టేటస్‌లో ఎవరూ లేరని చూసుకోండి. పాత ఎస్‌ఎంబీ.కాన్ఫ్ కాపీ చేసి పెట్టి ముందు టెస్ట్‌పార్మ్ నడపండి, తీసేసిన ఆప్షన్లు ఏమైనా ఉంటే అక్కడే చెప్తుంది. 4.15 నుంచి 4.19 దాకా ఉన్న నాలుగు సిరీస్‌ల నోట్స్‌లో "ఎస్‌ఎంబీ.కాన్ఫ్ మార్పులు" అనే పట్టిక ఉంటుంది, అది ఒక్కటి చదివితే చాలు.